కళాశాల ప్రాంగణములో సువార్త

కళాశాలలో చదువుకొను అన్యమత విద్యార్థికి క్రీస్తు సువార్త చెప్పవచ్చునా, చెప్పరాదా అను వివాదము మన దేశములో రమారమి రెండువందల యేండ్లనుండి నడచుచున్నది. చెప్పువారు అది తమకు దేవుడొసగిన యాజ్ఞ యందురు. వలదనువారు అది పరుల బిడ్డల నపహరించుట యందురు. ఉభయపక్షములవారును విద్యార్థిని గురించి వాదించువారే గాని, విద్యార్థి నడిగినవారు మిక్కిలి తక్కువ. ఎవరి బలము హెచ్చైన వారివైపు జారిపోవు వస్తువుగా నతనిని తలచుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండినవానికి ఓటిచ్చి రాజ్యభారమును పంచియిచ్చిన దేశములో, ఒక కరపత్రము చదివినంతనే వాని మతి చెడునని భయపడుట మాకు వింతగా నున్నది.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. వయసు వచ్చిన విద్యార్థికి, సమానుడు సమానునితో మాటలాడునట్లు, సువార్త చెప్పుటకు మన రాజ్యాంగములో హక్కు కలదు. ఆ హక్కును కాపాడు భారము ఆ మతమునకు చెందని మనమీదను కలదు. కాని మార్కులు వేయు చేతితో, హాజరుపట్టీ పట్టుకొను చేతితో, వసతిగృహపు తాళపుచెవి దాచుకొను చేతితో చెప్పు సువార్త వేరు. అది అధికారము చెలాయించుట. ఈ భేదమును చూడకపోవుటచేత మిషనరీలు బహుకాలము పొరబడిరి. నేడు వారి నెదుర్చుచున్న వారిలో పెక్కుమంది రెండవ తప్పును సాకుగా జూపి మొదటి హక్కునే తుడిచివేయజూచుచున్నారు.

పూర్వచరిత్రను కొంచెము తడవవలసియున్నది. 1830లో అలెగ్జాండరు డఫ్ అను స్కాట్లండు పాదిరి కలకత్తాలో పాఠశాల తెరచెను. ఆంగ్లవిద్యతోపాటు బైబిలును నేర్పి అగ్రవర్ణములను గెలువవలెనని ఆయన సంకల్పము. ఆయనకు స్థలము సంపాదించి, తొలి విద్యార్థులను చేర్చిపెట్టినవాడు రాజా రామమోహన రాయలు. క్రైస్తవుల త్రిత్వసిద్ధాంతమును ఖండించిన రామమోహనుడే బైబిలు చదువుటకు జంకిన బాలురకు ధైర్యము చెప్పెను. తాను కొరాను చదివియు ముసల్మాను కాలేదని వారికి జ్ఞాపకము చేసెను. ఆనాటి ఆ ధైర్యము నేటి పెద్దలలో సగమైన నుండిన బాగుండును.

తెలుగుదేశమున రాబర్టు నోబుల్ ఆ మార్గముననే 1843లో మచిలీపట్టణములో బడి పెట్టెను. 1852లో అందులోని అగ్రవర్ణ విద్యార్థు లిద్దరు బాప్తిస్మము పొందగా పట్టణమంతయు గగ్గోలైనది. తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి, బడి దాదాపు శూన్యమైనది. కొంతకాలమునకు మరల నిండెను. ఏల నిండెను? ఇంగ్లీషు చదువు లేనిదే ఉద్యోగము లేదు గనుక. ఈ వివాదముయొక్క ముడి యంతయు నిచ్చటనే యున్నది. తండ్రి కుమారుని సువార్తకై పంపలేదు, కచేరీలో ఉద్యోగమునకై పంపెను. పాదిరికిని ఆ సంగతి తెలియును. తండ్రి సువార్తను ఓర్చుకొనెను, పాదిరి ఉద్యోగాశను ఓర్చుకొనెను. ఇరువురును ఒకరి నొకరు వాడుకొనుచుండగా నడుమ కూర్చున్నవాడు ఆ కుఱ్ఱవాడు.

మఱియొక సంగతియు మరువరాదు. నోబుల్ తన బడిలో మాలమాదిగల పిల్లలను చేర్చుకొనలేదు. అగ్రవర్ణములవారు వచ్చుట మానుదురని భయము. క్రీస్తునందు భేదము లేదని చెప్పు బడి వాకిటనే భేదము కాపలా కాచినది. ఆయన గతించిన పదుమూడేండ్లకు, కళాశాల మాటయే యెరుగని మాదిగలు ఒంగోలు ప్రాంతమున గుంపులు గుంపులుగా క్రైస్తవులైరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అది ధాత కరవు వెనువెంటనే జరిగినది గనుక, అన్నమునకై మతము మార్చుకొన్నారని నేటికిని ఆక్షేపించువారు కలరు. కాని ఒంగోలు పాదిరి జాన్ క్లో ఆ యాక్షేపణను ముందుగనే యూహించెను. కరవు పనులు జరుగుచున్నంతకాలము, బకింగుహాము కాలువ త్రవ్వకములో కూలి యిప్పించుచునే, బాప్తిస్మములను నిలిపివేసెను. సాయమును బోధను ఒక్క పళ్లెములో వడ్డింపరాదని ఆ పాదిరికి తోచినది. ఈనాడు విద్యార్థికి గదియో, భోజనమో, పరీక్ష రుసుమో చూపి మాటలు మొదలుపెట్టువారు ఎవరైన నున్నచో, వారికి మేము జూపదగిన శాసనము ఏ మంత్రిమండలి చేసినదియు గాదు. ఆ పాదిరి చేసినదే.

చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాల కథ దీనికన్న రసవంతమైనది. 1907 వరకు అధ్యక్షత వహించిన విలియం మిల్లరు, విద్యార్థులకు వెంటనే బాప్తిస్మము లిప్పించుట కళాశాల పని కాదనియు, క్రీస్తు భావములు పాలలో చేమిరివలె సమాజమున మెల్లగా వ్యాపింపవలెననియు తలచెను. అయినను 1888లో ఒక బ్రాహ్మణ విద్యార్థి క్రైస్తవుడు కానున్నాడను వార్త పుట్టగనే ఆ కళాశాలలోనే అలజడి రేగి విద్యార్థులు సమ్మెకు దిగిరి. మిల్లరువంటి ఉదారుని కళాశాలలోనే అట్లు జరిగెననిన, తక్కినచోట్ల మాట చెప్పనేల?

మిల్లరు వేసిన చేమిరి ఎట్టి పెరుగైనదో చూడుడు. రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఆ కళాశాలలో చదివి బ్రహ్మసమాజము నాశ్రయించి, కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలాధ్యక్షులై ఒక తరము తెలుగు విద్యార్థులకు గురువైరి. పట్టాభి సీతారామయ్యగారు ఆ కళాశాల పట్టభద్రులే. వారు నోబుల్ దొర బడి పెట్టిన మచిలీపట్టణముననే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినవారిలో నొకరైరి. సర్వేపల్లి రాధాకృష్ణగారు వేలూరులోను చెన్నపట్టణములోను క్రైస్తవ కళాశాలలలోనే చదివిరి. హిందూధర్మముపై అచ్చట వినిన విమర్శలే తమ్ము ఆ ధర్మమును శోధింప బురికొల్పెనని ఆయనయే చెప్పుకొనియున్నారు. వేదాంతములో నీతికి తావు లేదను ఆక్షేపణకు ప్రత్యుత్తరముగా 1908లో సిద్ధాంతవ్యాసము వ్రాసిరి. దానిని మెచ్చుకొన్న గురువు హాగ్ క్రైస్తవ పండితుడే. ప్రశ్న వినకుండ చెవులు మూసియుంచిన ఆ వ్యాసము పుట్టియుండునా? తన పిల్లవాడు సువార్త వినినంతనే చేయిజారునని దిగులుపడు తండ్రి ఈ మూడు పేర్లను తలచుకొనవలెను. వినినవారిలో క్రైస్తవులైనవారును కలరు, కాలికాచరణ బెనర్జీవలె క్రైస్తవులైయుండియు తొలినాళ్ల కాంగ్రెసులో దేశసేవ చేసినవారును కలరు. మతము మారినవాడు దేశమునకు కాకపోవునను మాట అబద్ధమని కాంగ్రెసు చరిత్రయే చెప్పుచున్నది.

ఇంతమాత్రమున ఆనాటి పద్ధతి మంచిదని మేము చెప్పబోము. ఆ కళాశాలలలో బైబిలు తరగతికి హాజరగుట నిర్బంధము. 1854 నాటి ఉడ్ తాఖీదు ప్రకారము, లౌకికవిద్యకని పేరుపెట్టి సర్కారు మిషను పాఠశాలలకు ద్రవ్యసహాయము చేయసాగెను. ఆ ద్రవ్యము రైతు కట్టిన పన్ను. పెక్కు ఊళ్లలో మిషను కళాశాల తప్ప వేరొకటి లేదు. అంతరాత్మకు నచ్చనివాడు మతబోధ తరగతి మానుకొనవచ్చునను నిబంధన కావలెనని మనవారు అడిగిరి. వి. ఎస్. శ్రీనివాస శాస్త్రిగారు ఆ కోర్కెకు గట్టి వకాల్తా పట్టిరి. నిర్బంధము పోయిన తమ కళాశాలలకు అర్థమే పోవునని మిషనరీలలో కొందరు బదులు చెప్పిరి. వినువాడు లేచిపోవు స్వేచ్ఛ యున్నచో నిలువలేని సువార్త యెట్టి సువార్తయో వారు విచారింపలేదు!

గాంధీమహాత్ముని చిన్ననాటి యనుభవము ఈ సందర్భమున చెప్పదగినది. రాజకోటలో హైస్కూలు దగ్గర మూలమీద నిలిచి పాదిరి హిందువులను, వారి దేవతలను దూషించుట విని, తనకు క్రైస్తవమన్ననే యేవగింపు గలిగినదని ఆయన ఆత్మకథలో వ్రాసిరి. అట్లు తాను బోధింపలేదని ఆనాటి రాజకోట పాదిరి తరువాత ఖండించెను, గాంధీజీ ఆ ఖండనమును తమ పత్రికలో ప్రకటించిరి. అందులో నిజానిజము లెట్లున్నను, ఆ విద్యార్థియే తరువాత లండనులో న్యాయశాస్త్రము చదువుచుండగా, శాకాహారుల భోజనశాలలో మాంచెస్టరు క్రైస్తవుడొకడు పరిచయమై బైబిలు చదువుమని కోరెను. ఆయన చదివెను. పాతనిబంధనలో కొన్ని భాగములు నిద్ర తెప్పించెను, కొండమీది ప్రసంగము మాత్రము హృదయమున నాటుకొనెను. గ్రంథ మొక్కటే. వీధిమూలన కేకవేసి చెప్పినది యేవగింపు పుట్టించినది. భోజనపుబల్లవద్ద చెప్పినది జీవితాంతము నిలిచినది. ఆ మాంచెస్టరువాని చేతిలో గాంధీగారి పరీక్షమార్కులు లేవు, వసతి లేదు. వలదనిన లేచి వేరొక బల్లకు పోవచ్చును.

ఈ భేదమునే మన రాజ్యాంగకర్తలు చట్టపుమాటలలో పెట్టిరి. 1948 డిసెంబరు 6వ తేదీన రాజ్యాంగసభలో మతమును 'ప్రచారము చేయు' హక్కుపై వాదము నడచెను. ఆ మాట తీసివేయవలెనని లోకనాథ మిశ్రాగారు పట్టుపట్టిరి. టి. టి. కృష్ణమాచారిగారు లేచి, తాను సుమారు పదునాలుగేండ్లు క్రైస్తవ విద్యాలయములలో చదివితిననియు, తన్ను మతము మార్చుటకు ఎవ్వరును ప్రయత్నింపలేదనియు సాక్ష్యము పలికిరి. మాట నిలిచినది. అది 25వ అధికరణము. దాని ప్రక్కనే 28వ అధికరణములో రెండవ సగము కలదు. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడచు విద్యాలయములో మతబోధ కూడదు. సర్కారు గుర్తింపో సహాయమో పొందిన తక్కిన విద్యాలయములలో మతబోధకు గాని ఆరాధనకు గాని విద్యార్థి సమ్మతి లేనిదే అతనిని హాజరుపరచరాదు. మైనరైనచో సంరక్షకుని సమ్మతి కావలెను. మనవారు అడిగిన అంతరాత్మ నిబంధన యిదియే. ఇది మిషను కళాశాలలకే గాదు. ప్రాతఃకాలమున గీతాపారాయణము చేయించు విద్యాలయమునకును, నమాజు చేయించుదానికిని ఇదే కొలత.

మైనరను మాట దగ్గర కొంచెము నిలువవలెను. మన తెలుగునాట 'కళాశాల' యనిన ఇంటర్మీడియటు తరగతులును చేరియున్నవి. అందు చదువువారు పదునైదు, పదునారేండ్ల పిల్లలు. ఒకే ఆవరణలో జూనియరు తరగతియు డిగ్రీ తరగతియు నడచుచోట్ల, ఒక మేడకు వర్తించు న్యాయము ప్రక్కమేడకు వర్తింపదు. డిగ్రీ విద్యార్థితో చెప్పిన మాటయే ఇంటర్మీడియటు పిల్లవానితో తలిదండ్రులకు తెలియకుండ చెప్పుట తప్పు. సువార్త చెప్పు సంఘములు ఈ గీతను తామే గీచికొనినచో వారిపై వచ్చు నిందలలో ముప్పాతిక తగ్గును.

ఇక శాసనముల సంగతి. 1967లో ఒరిస్సా, 1968లో మధ్యప్రదేశ్ బలవంతపు మతమార్పిడులను నిషేధించు చట్టములు చేసినవి. 1977లో స్టానిస్లాస్ పాదిరి వ్యాజ్యములో సుప్రీముకోర్టు అవి చెల్లునని తీర్పు చెప్పినది. తన మతసిద్ధాంతములను వివరించి వ్యాపింపజేయుటకు హక్కు కలదు గాని, మరియొకని మతము మార్చుటకు హక్కు లేదని ఆ తీర్పు సారాంశము. సరియే, నీవు చెప్పవచ్చును, మారునది నేను. కాని మారు హక్కైన నాకు నిజముగా నున్నదా? ఉత్తరప్రదేశపు 2021 చట్టము ప్రకారము, మతము మారదలచినవాడు అరువది దినములు ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు తెలుపుకొనవలెను. హిమాచలప్రదేశములో అట్టి ముందస్తు నోటీసు నిబంధననే 2012లో అక్కడి హైకోర్టు కొట్టివేసినది. కోర్టులలో మెలగు మాబోంట్లకు నోటీసనిన నేమో తెలియును. కలెక్టరు కచేరీలో పడిన కాగితము సాయంకాలమునకు వీధికెక్కును. మనుష్యుని హృదయములో జరుగు మార్పునకు మనుగుడుపు పెండ్లివలె ముహూర్తము ప్రకటింపుమనుట న్యాయమా?

కేరళకు చెందిన హోమియో వైద్య విద్యార్థిని యొకతె చదువుకొను దినములలో తోడి విద్యార్థినుల సహవాసమున ఇస్లామును స్వీకరించి, తరువాత వివాహమాడెను. తండ్రి కోర్టుకెక్కగా హైకోర్టు ఆ వివాహమును రద్దుచేసెను. 2018లో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, వయసు వచ్చిన స్త్రీ మతమును భర్తను ఎన్నుకొనుట ఆమె యిష్టమని స్పష్టపరచినది. అది ముస్లిం వ్యవహారమైనను క్రైస్తవ విద్యార్థి సంఘములకును, వారిని ఆవరణనుండి తరుముటకు కఱ్ఱలు పట్టువారికిని సమానముగా వర్తించును. తోడి విద్యార్థి గదిలో కూర్చుండి తన నమ్మకమును చెప్పుట నేరము కాదు. విని, ఆలోచించి, నమ్ముటయు నేరము కాదు. నవ్వి లేచిపోవుటయు నేరము కాదు.

ప్రలోభమను మాట యీ వివాదములో తరచుగా వినబడును. క్రైస్తవుడైనచో డబ్బు దొరకునని, కొలువు దొరకునని చెప్పుకొందురు. మన గ్రామములనుండి వచ్చిన మాల, మాదిగ విద్యార్థి విషయమున లెక్క తలక్రిందుగా నున్నది. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తరువు ప్రకారము హిందువులకే ఆ హోదా ఉండెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరింపజేసిరి. క్రైస్తవులకు లేదు. ఆ విద్యార్థి బాప్తిస్మము పొందినచో షెడ్యూల్డు కులపు రిజర్వేషను పోగొట్టుకొనును. మన రాష్ట్రములలో బి.సి. 'సి' వర్గమున చేరి కొద్దిపాటి వాటాతో తృప్తిపడవలెను. ఊరిలో అతని యిల్లు మారదు, బావి మారదు, చూచువారి చూపు మారదు. సర్టిఫికెట్టు మాత్రము మారును. అట్లు మారుటకు సిద్ధపడినవానిని ప్రలోభపడినవాడనుట హాస్యాస్పదము. మారియు కాగితముమీద హిందువుగనే నిలిచిపోవువాడు కపటియని నిందింపబడును. ఆ కపటమునకు అతనిని నెట్టినది యెవరు? చర్చికి పోవునదెవరని సర్టిఫికెట్టు ఆరా తీయు ఉద్యోగి, పోవద్దని బెదిరించు యువకుడు, పోయినను చెప్పకుమని సలహా యిచ్చు బోధకుడు — ముగ్గురును ఆ పిల్లవానికి అసత్యమునే నేర్పుచున్నారు. మిషనులును ఇచ్చట నిర్దోషులు కారు. బాప్తిస్మమువలన పోవునదేమో ముందుగా చెప్పని బోధకుడు సగము సువార్తయే చెప్పినవాడు. ధర ఎంతో లెక్కించుకొని రమ్మనుట వారి గ్రంథములోనే యున్న బోధ గదా.

కళాశాలాధికారులు చేయదగినది కష్టమైనది కాదు. అమెరికాలో మిసోరీ విశ్వవిద్యాలయము విద్యార్థి సంఘముల కన్నింటికి సభాగృహమిచ్చి ఒక క్రైస్తవ విద్యార్థి సంఘమునకు మాత్రము నిరాకరించెను. 1981లో ఆ దేశపు సుప్రీముకోర్టు ఆ నిరాకరణ చెల్లదనెను. ఇచ్చిన నందరకిమ్ము, లేనిచో నెవ్వరికిని ఈయకుమను ఈ సూత్రము మన కళాశాలలకును చాలును. సాయంకాలము వివేకానంద జయంతికి తెరచిన హాలు క్రిస్టమసు కూటమునకును తెరవవలెను. నాస్తిక సంఘమువారు గోరాగారిపై ఉపన్యాస మిప్పింపదలచినను తెరవవలెను. అధ్యాపకుడు తరగతి గంటలో ఏ మతమును బోధింపరాదు. మార్కులు దిద్దు పిల్లలను ప్రార్థనకు ఇంటికి పిలువరాదు. పిలిచినచో, రాని పిల్లలకు భయము లేకుండుట ఎట్లు? వసతిగృహములో వార్డెను మతసభలకు నాయకుడు కారాదు. కరపత్రము పంచువానిని పట్టుకొని కొట్టుట సామాన్య నేరము. దానిని ధర్మరక్షణయని పిలిచినను శిక్షాస్మృతిలో దాని పేరు మారదు. అట్టివారిని ఆవరణలో తిరుగనిచ్చు అధ్యక్షులు పోలీసులకు కబురు పంపక చర్చలు జరుపుచుండుట పిరికితనము.

వచ్చు విద్యాసంవత్సరపు ప్రవేశపత్రములు అచ్చుకు పోవుటకు ముందే ఒక చిన్నపని జరుగవలెనని మేము కోరుచున్నాము. మతబోధగాని ప్రార్థనగాని జరుపు ప్రతి విద్యాలయమును, అది యే మతమువారిదైనను, ప్రవేశపత్రమునుండి వేరుగా ఒక సమ్మతిపత్రమును ముద్రింపవలెను. సంతకము చేయనివాని సీటునకు, వసతికి, రుసుము రాయితీకి ఏ లోపమును రాదని అందులో తెలుగులో వ్రాయవలెను. మైనరు విద్యార్థుల పత్రముపై తండ్రియో తల్లియో సంతకము చేయవలెను. ఏ కళాశాలలో అట్టి పత్రమున్నదో, ఏ కళాశాలలో లేదో చదువరులు మాకు వ్రాసి పంపినచో, విచారించి, విద్యాలయముల పేర్లతో ఈ పుటలోనే ప్రకటించెదము.